జనవరి జేఈఈలో అనుకున్నంత రాలేదు: ముందు ఇంట్లో చేయాల్సినవి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఉండేది ఖమ్మంలో. అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. పదిలో 10 జీపీఏ, కాలేజీ గ్రాండ్ టెస్టుల్లో ఎప్పుడూ 210కి తగ్గలేదు. జనవరి జేఈఈ మెయిన్‌లో మాత్రం 300కి 128, పర్సంటైల్ 94.8. మొత్తం 75 ప్రశ్నల్లో 39 ఒప్పు, 28 తప్పు, 8 వదిలేసింది. ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తోంది. వాళ్ల నాన్నగారు అసలు మాట్లాడటమే మానేశారు. లాంగ్‌టర్మ్‌కి (ఇంకో ఏడాది కోచింగ్‌కి) ఇప్పుడే కట్టేయమని బంధువులు, బెంగళూరులో సీటు బుక్ చేస్తానని ఓ ఏజెంటు వెంటపడుతున్నారు. ఇప్పుడేం చేయాలని అడిగారు.

గడువున్న పనితో మొదలుపెడదాం. ఏప్రిల్ సెషన్‌కి దరఖాస్తు చేశారా? జనవరికి కట్టిన ఫీజు ఏప్రిల్‌కి సరిపోదు, విడిగా అప్లై చేయాలి. 2025లో జనవరి ఫలితాలు ఫిబ్రవరి 11న వస్తే, రెండో సెషన్ దరఖాస్తు 25న మూసేశారు. మధ్యలో ఉన్నవి రెండు వారాలే. ఇల్లంతా దిగులులో ఉన్నప్పుడు ఆ రెండు వారాలు తెలియకుండానే జారిపోతాయి. పాత అప్లికేషన్ నంబరుతోనే లాగిన్ అయి రెండో సెషన్‌కి ఫీజు కట్టండి. కొత్తగా ఇంకో రిజిస్ట్రేషన్ చేయొద్దు, ఒకే మనిషికి రెండు అప్లికేషన్లుంటే తర్వాత చిక్కు. ఈ పని అమ్మాయి మీద పెట్టకండి, మీరే కూర్చుని చేసేయండి. రెండు సెషన్లలో ఏది ఎక్కువైతే దాన్నే ర్యాంకుకి తీసుకుంటారు. ఏప్రిల్‌లో తగ్గినా ఇప్పుడున్న 94.8 ఎక్కడికీ పోదు. ఈ ఒక్క మాట అమ్మాయికి స్పష్టంగా తెలియాలి. ఏప్రిల్‌లో ఇంకా తగ్గితే ఉన్నదీ పోతుందేమోనని చాలామంది పిల్లలు లోలోపల భయపడుతుంటారు.

ఇక ఆ 94.8 అంటే ఏమిటో చూడండి. అది మార్కుల శాతం కాదు. ఆ షిఫ్టులో రాసిన ప్రతి 100 మందిలో 94.8 మంది ఈమెతో సమానంగానో తక్కువగానో ఉన్నారని అర్థం. వేరే షిఫ్టులో రాసిన పక్కింటి అబ్బాయి మార్కులతో ఈ 128ని పోల్చడంలో అర్థం లేదు, పేపరే వేరు. ఉజ్జాయింపు ర్యాంకు కావాలంటే 100లోంచి పర్సంటైల్ తీసేసి, మొత్తం రాసినవాళ్ల సంఖ్యతో గుణించి, 100తో భాగించండి. 2025లో రెండు సెషన్లూ కలిపి రాసినవాళ్లు సుమారు 14.75 లక్షలు. ఆ లెక్కన 94.8కి దాదాపు 76,700 ర్యాంకు. 97కి 44 వేలు, 98కి 29,500, 99కి 14,750. ఈ లెక్క ఎంతవరకు నిలుస్తుందో కూడా చూడవచ్చు. 2025లో అడ్వాన్స్‌డ్‌కి (ఐఐటీల ప్రవేశ పరీక్షకి) జనరల్ కటాఫ్ 93.10. దాన్ని ఇలాగే లెక్కేస్తే 1.02 లక్షల దగ్గర ఆగుతుంది, ఆ కేటగిరీలో తీసుకున్నది సుమారు లక్ష మందిని.

అంటే పరీక్ష పోయిందని మీరు కుమిలిపోతున్న ఈ మార్కు, 2025 కటాఫ్ ప్రకారం చూస్తే జనరల్‌లోనే అడ్వాన్స్‌డ్‌కి అర్హత గీత దాటింది. ఓబీసీ నాన్-క్రీమీలేయర్ అయితే ఆ ఏడాది గీత 79.43, ఈడబ్ల్యూఎస్‌కి 80.38. నిజమే, 76 వేల ర్యాంకుతో మీరు కోరుకున్న వరంగల్ ఎన్ఐటీ కంప్యూటర్ సైన్స్ రాదు. ఆ బాధ న్యాయమైనదే, లేదన్నట్టు నటించక్కర్లేదు. కానీ కోరుకున్నది రాకపోవడం వేరు, ఏదీ రాకపోవడం వేరు. ఇంట్లో ఈ రెండూ ఒకటైపోయాయి.

సీట్ల సంగతి చూసేటప్పుడు జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే సంస్థ) వెబ్‌సైట్‌లో గత ఏళ్ల ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులుంటాయి. మూడు కాలమ్‌లు సరిగా పెట్టుకుని చూడండి: హోమ్ స్టేట్ కోటా, మీ కేటగిరీ, ఫిమేల్ ఓన్లీ. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లున్నాయి, చాలా బ్రాంచీల్లో వాటి క్లోజింగ్ ర్యాంకు జెండర్ న్యూట్రల్ కంటే దిగువన ఉంటుంది. అబ్బాయిల పట్టిక చూసి నిరాశపడేవాళ్లు ఎందరో. ఇంకోటి, ఎన్ఐటీలకు హోమ్ స్టేట్ అంటే ఇంటర్ పాసైన రాష్ట్రం. మీకు రెండూ తెలంగాణే కాబట్టి ఇబ్బంది లేదు. విజయవాడ నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఇంటర్ చదివే పిల్లలకు మాత్రం తాడేపల్లిగూడెం ఎన్ఐటీ కాకుండా వరంగల్ ఎన్ఐటీ హోమ్ స్టేట్‌ది అవుతుంది. ఈ పట్టికలు ఇప్పుడు మీరు చూసుకోండి చాలు, అమ్మాయికి చూపించే సమయం ఏప్రిల్ తర్వాత.

ఇక అమ్మాయితో మాట. ఫోన్లో మార్కుల ప్రస్తావన వద్దు. హాస్టల్ ఫోన్ దగ్గర వెనక నలుగురు నిలబడి వింటుండగా ఏ పిల్లా మనసు విప్పదు. ఔటింగ్ రోజు దాకా ఆగకుండా అనుమతి తీసుకుని వెళ్లండి, వీలైతే రెండు రోజులు ఇంటికి తీసుకురండి. తల్లిదండ్రులిద్దరూ వెళ్లాలి. నాన్నగారు రాకపోతే, ఆ రాకపోవడాన్నే అమ్మాయి కోపమని చదువుకుంటుంది. ఆయన పెద్ద మాటలేవీ చెప్పక్కర్లేదు. “ఎలా ఉన్నావు తల్లీ, తిన్నావా” అని పక్కన కూర్చుంటే చాలు. మొదటి రోజు తిండి, నిద్ర, అంతే. తనంతట తాను మొదలుపెడితే వినండి, మధ్యలో సలహా ఇవ్వకండి. “పర్లేదులే, ఇదేం పెద్ద విషయం” అనకండి. రెండేళ్లు పొద్దున ఐదింటికి లేచి చదివిన పిల్లకి అది పెద్ద విషయమే. “నీకు బాధగా ఉందని తెలుసు, మాకూ ఉంది, నీ మీద కోపం మాత్రం లేదు” అంటే నిజం చెప్పినట్టూ ఉంటుంది, ఆసరా ఇచ్చినట్టూ ఉంటుంది.

“ఇంత ఖర్చు పెట్టాం” అన్న మాట మాత్రం ఏ రూపంలోనూ రాకూడదు. నేరుగా అనకపోయినా, ఫీజు రసీదుల గురించి పక్క గదిలో మాట్లాడుకున్నా వినిపిస్తుంది. డబ్బు గురించి మీరిద్దరూ మాట్లాడుకోవాల్సింది నిజంగానే ఉంటుంది, అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక మాట్లాడుకోండి. బంధువులకు ఒకే జవాబు ముందే అనుకుని పెట్టుకోండి: “ఏప్రిల్‌లో ఇంకో సెషన్ ఉందండి, ర్యాంకు వచ్చేది అప్పుడే.” ఇది అబద్ధం కాదు, జనవరికి ర్యాంకే ఇవ్వరు. ర్యాంకుల ఫొటోలతో నిండిన పేపరు ప్రకటనలు ఆ రెండు రోజులూ టీపాయ్ మీద ఉండకుండా చూడండి.

ఫోన్ ముక్తసరిగా పెట్టేస్తోందన్నారు కాబట్టి ఇది వివరంగా చెప్పాలి. నాలుగైదు రోజులు ముభావంగా ఉండటం, ఏడవడం మామూలే. నిద్ర పూర్తిగా పోవడం, తిండి మానేయడం, ఇష్టమైన వస్తువులు స్నేహితులకు ఇచ్చేయడం, “నా వల్ల మీకు నష్టం”, “నేను లేకపోతే మీకీ బాధ ఉండేది కాదు” లాంటి మాటలు మామూలు కాదు. అలాంటిదేదైనా కనిపిస్తే వార్డెన్‌కి చెప్పి ఊరుకోవద్దు, ఆ రోజే వెళ్లి వెంట తెచ్చుకోండి. “చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా” అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడిగితేనే పిల్లలు బయటపడతారు. ఒంటరిగా వదలకండి. వ్యవసాయం ఉన్న ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఇంటి నుంచి తీసేయండి, పెద్దవాళ్ల బీపీ, నిద్ర మాత్రలు తాళంలో పెట్టండి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి రోజంతా ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులు కూడా చేయొచ్చు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది ఫలితాల్లోనే తప్పులున్నాయని తర్వాత తేలింది, రీవెరిఫికేషన్‌లో సున్నా కాస్తా 99 అయిన సందర్భమూ ఉంది. ఒక అంకె చూసి మనం ఎంత దూరం వెళ్లిపోతామో మన రాష్ట్రానికి బాగా తెలుసు.

మనసు కాస్త కుదుటపడ్డాక, రెండో రోజో మూడో రోజో, రెస్పాన్స్ షీట్ (అమ్మాయి పరీక్షలో పెట్టిన జవాబుల పట్టిక) ముందు పెట్టుకోండి. అసలు విషయమంతా అందులోనే ఉంది, ఎక్కువ కుటుంబాలు దాన్ని తెరవనే తెరవవు. పరీక్ష పెట్టే ఎన్‌టీఏ సైట్ నుంచి పీడీఎఫ్ ఇప్పుడే దించుకోండి, లింకు ఎప్పటికీ ఉండదు. ఫైనల్ కీ (సరైన జవాబుల పట్టిక) కూడా. ప్రతి ప్రశ్నకూ ఒక ఐడీ, ప్రతి ఆప్షన్‌కూ ఒక ఐడీ ఉంటాయి. ఒకటి, రెండు, మూడు అని ఆప్షన్ వరస చూసి సరిపోల్చితే తప్పుతారు, ఐడీతోనే పోల్చాలి.

మీ అమ్మాయి లెక్క ఇలా ఉంది: 39 ఒప్పులకు 156, 28 తప్పులకు 28 పోయి 128. ఇప్పుడు ఆ 28 తప్పులూ, 8 వదిలేసినవీ కలిపి 36 ప్రశ్నలను కీ లేకుండా మళ్లీ చేయించండి. ఒకేసారి వద్దు, 18 చొప్పున రెండు పూటలు. గడియారం పెట్టొద్దు, మీరు పక్కన కూర్చోవద్దు. చేశాక ప్రతి ప్రశ్న పక్కన ఆమే ఒక అక్షరం రాయాలి. ఇప్పుడు తేలిగ్గా వచ్చేసింది, అప్పుడు లెక్కలోనో చదవడంలోనో తప్పింది అంటే ‘లె’. సూత్రం సగమే గుర్తుంది, లేదా పాఠమే సరిగా రాదు అంటే ‘పా’. అప్పుడు ఊహించి పెట్టింది అంటే ‘ఊ’. చేయగలిగేదే కానీ సమయం చాలలేదు అంటే ‘స’. ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగిందో షీట్‌లో ఉండదు, అది ఆమె జ్ఞాపకంలోంచే రావాలి. అందుకే నెల ఆగి చేస్తే ఈ పనికి విలువ ఉండదు.

ఇందులో తేలేదేమిటో చూడండి. ‘లె’లు 9 ఉన్నాయనుకుందాం. ఒక్కో తప్పు ఒప్పయితే 5 మార్కుల తేడా, రావాల్సిన నాలుగూ వస్తాయి, పోయిన ఒకటీ తిరిగొస్తుంది. తొమ్మిదింటికి 45. కొత్త పాఠం ఒక్కటీ చదవకుండానే 128 కాస్తా 173. గ్రాండ్ టెస్టులో 210 తెచ్చుకునే పిల్లకి ‘లె’, ‘స’ ఎక్కువగా తేలడమే సాధారణం. అలా తేలితే మరింత చదవమనడం తప్పు మందు. ఆమెకు కావాల్సింది నిద్ర, కంప్యూటర్ ముందు సాధన.

ఊహల గురించి ఒక అపోహ ఉంది. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నకు గుడ్డిగా పెడితే సగటున పోయేదేమీ లేదు. నాలుగుసార్లలో ఒకసారి 4 వస్తే, మూడుసార్లు 3 పోతాయి, ప్రశ్నకు సగటున పావు మార్కు మిగులుతుంది. ఆప్షన్లలో రెండింటిని కొట్టేయగలిగితే పెట్టడమే లాభం. ఆప్షన్లు లేని న్యూమరికల్ ప్రశ్నల్లో మాత్రం ఊహించి అంకె వేయడం దాదాపు ఖాయంగా మార్కు పోగొట్టుకోవడమే, వాటికీ నెగెటివ్ ఉంది. కాబట్టి ‘ఊ’ ఎక్కువుంటే అమ్మాయిని కోప్పడకుండా, అవి ఏ రకం ప్రశ్నలో చూడండి. ఒక్క ప్రశ్న మీద ఎనిమిది నిమిషాలు కూర్చుని చివరికి ఊహించినవే అన్నిటికంటే ఖరీదైనవి. ఒక్కో ప్రశ్నకు సగటున ఉన్నది 144 సెకన్లు.

కాలేజీ టెస్టుల్లో 210 వచ్చి అక్కడ 128 ఎందుకంటే, కాలేజీ టెస్టు తెలిసిన గదిలో, ఎక్కువగా కాగితం మీద, ఈమధ్యే చెప్పిన పాఠాల బరువుతో ఉంటుంది. జేఈఈలో తెర మీద చదివి, రఫ్ షీట్ మీద చేసి, మళ్లీ తెర మీద గుర్తు పెట్టాలి. అంకె ఎత్తి రాసుకోవడంలోనే తప్పులు దొర్లుతాయి. మన పిల్లల్లో చాలామంది మ్యాథ్స్‌తో మొదలుపెట్టే అలవాటున్నవాళ్లు. మెయిన్ మ్యాథ్స్ ఈమధ్య బాగా సాగదీతగా వస్తోంది, అక్కడ గంటన్నర పోతే కెమిస్ట్రీకి మిగిలేది హడావుడే. కెమిస్ట్రీతో మొదలుపెట్టి 40 నిమిషాల్లో బయటపడి, ఫిజిక్స్ చేసి, మ్యాథ్స్‌కి చివర గంటకు పైగా ఉంచుకునే వరసను రెండు మాక్ టెస్టుల్లో ప్రయత్నించి చూడమనండి, నచ్చితేనే కొనసాగించాలి. మొదటి సంవత్సరం పాఠాలు మరుగున పడటం ఇంకో కారణం, ‘పా’ గుర్తులన్నీ అక్కడే చేరితే ఏం చదవాలో తేలిపోయినట్టే. ఎనిమిది, పది చాప్టర్లకు మించి ఎంచుకోవద్దు, మధ్యలో ఇంటర్ పరీక్షలున్నాయి.

కాలేజీలో అడగాల్సింది ఒకటుంది. ఫలితాల తర్వాత సెక్షన్లు మారుస్తుంటారు. ఇప్పుడు కింది సెక్షన్‌కి దింపితే స్నేహితులు, లెక్చరర్లు, హాస్టల్ గది అన్నీ ఒక్కసారిగా మారతాయి. రెస్పాన్స్ షీట్ విశ్లేషణ చేతిలో పెట్టుకుని ప్రిన్సిపాల్‌ని కలిసి, ఏప్రిల్ దాకా మార్చొద్దని మర్యాదగానే, గట్టిగా అడగండి. రాత్రి స్టడీ అవర్ పదిన్నరకు ముగించి పడుకోనిమ్మని కూడా అడగండి.

ఇంటర్ పరీక్షలను చిన్నచూపు చూడటం ఈ సమయంలో జరిగే పెద్ద పొరపాటు. ఎన్ఐటీ, ఐఐటీ సీటుకి ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 65, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. బిట్స్‌కి ఎంపీసీ సబ్జెక్టుల్లో మొత్తం మీద 75, ఒక్కోదానిలో 60 అడుగుతారు. తెలంగాణ ఎప్‌సెట్‌లో (రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో) ఇంటర్ మార్కులకు వెయిటేజీ తీసేశారు, ఆంధ్రాలో 25 శాతం ఉంది. కాబట్టి ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా అమ్మాయి ప్రధాన పని అవే, జేఈఈకి రోజుకి గంటన్నర, రెండు గంటలు. పరీక్షలు ముగిశాక ఏప్రిల్ సెషన్ దాకా వారానికి రెండు పూర్తి మాక్‌లు, ఆమె అసలు షిఫ్టు టైములోనే, తొమ్మిది నుంచి పన్నెండు లేదా మూడు నుంచి ఆరు, కంప్యూటర్ మీద.

ఎప్‌సెట్‌ని అందరూ వెనక్కి తగ్గడంలా చూస్తారు, అది తప్పు. 160 ప్రశ్నలు, మూడు గంటలు, ఒక్కోదానికి 67 సెకన్లు, నెగెటివ్ లేదు. ప్రశ్నలు తేలిక, వేగం ఎక్కువ కావాలి. జేఈఈలో తడబడ్డ పిల్లలు ఇక్కడ మంచి ర్యాంకు తెచ్చుకోవడం కొత్తేమీ కాదు, కానీ దానికంటూ రెండు, మూడు వారాలు గడియారంతో సాధన చేయాలి. కన్వీనర్ కోటాలో, అంటే ఎప్‌సెట్ ర్యాంకుతో నింపేవాటిలో, 70 శాతం సీట్లుంటాయి, ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ కోటాకే. బిట్స్ ప్రవేశ పరీక్ష బిట్‌శాట్ దరఖాస్తు గడువూ ఇప్పుడే చూసుకోండి. సైన్స్ మీద నిజంగా ఇష్టముంటే తిరుపతి ఐసర్ వంటి సైన్స్ విద్యాసంస్థలు ఉన్నాయి, వాటి పరీక్ష వేరు.

ఏజెంటుకి ఒక్క రూపాయీ ఇవ్వకండి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ కూడా మొదలవని ఫిబ్రవరిలో సీటు ‘అయిపోతోంది’ అనడం భయపెట్టి అమ్ముకోవడమే. ఏ కాలేజీకైనా కట్టాల్సివస్తే కాలేజీ ఖాతాకే, రసీదుతో, వాపసు నిబంధన కాగితం మీద తీసుకుని కట్టండి.

లాంగ్‌టర్మ్ నిర్ణయం జూన్ దాకా ఆగుతుంది. జేఈఈ మెయిన్‌ని ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి మూడేళ్లు, అడ్వాన్స్‌డ్‌ని వరసగా రెండేళ్లు రాయొచ్చు, కాబట్టి వచ్చే ఏడాది దారి మూసుకుపోలేదు. కానీ అది మీరు వేసే శిక్షగానో, బంధువుల మాట మీదో జరగకూడదు. ఏప్రిల్ షీట్‌లో కూడా ‘లె’లే ఎక్కువుంటే ఇంకో ఏడాది అదే హాస్టల్లో అదే పాఠాలు వినడం వల్ల ఒరిగేది తక్కువ. ‘పా’లు ఎక్కువుండి, అమ్మాయే “నాకింకో ఏడాది కావాలి” అని తనంతట తాను అడిగితే అప్పుడు ఆలోచించండి. చేతిలో మంచి ఎప్‌సెట్ సీటుంటే నా అభిప్రాయం ఆ సీటు వైపే. ఐఐటీలో సీటు తీసుకుని చేరినవాళ్లు మళ్లీ అడ్వాన్స్‌డ్ రాయడానికి వీల్లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఏప్రిల్ పరీక్ష అయ్యాక కొన్ని రోజులకే ప్రొవిజనల్ కీ, రెస్పాన్స్ షీట్ పెడతారు. అభ్యంతరం చెప్పడానికి రెండు, మూడు రోజులే ఇస్తారు, ప్రశ్నకు 200 రూపాయలు. అప్పటికి అమ్మాయి ఎప్‌సెట్ చదువులో ఉంటుంది, ఫోన్ ఉండదు. అప్లికేషన్ నంబరు, పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే సిమ్ మీ దగ్గరుంచుకోండి. కీ వచ్చిన రోజే ప్రింటు తీసి లెక్చరర్‌కి చేర్చండి.